రాజీకి హద్దులు – ఖజానాకు చిల్లులు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా పాతబస్తీ శాఖ ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ యజమాని దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్నది. 1979 మార్చి 31కి ముందు దిగిపోయినవారికి ఒక లెక్క, ఆ తరువాతివారికి ఇంకొక లెక్క అనే విభజన చెల్లదన్నది. మళ్లీ రెండేళ్లకు, 1984లో, సరిగ్గా డిసెంబరు 17వ తేదీనే కేరళ ఉద్యోగి పద్మనాభన్ నాయర్ కేసులో మరో మంచి మాట చెప్పింది. ఎల్.పి.సి. అందలేదన్న కారణంతో ఆయన పెన్షన్ రెండేళ్లకు పైగా ఆగిపోయింది. ఇలాంటి ఆలస్యానికి ప్రభుత్వం మార్కెట్ రేటున వడ్డీ కట్టి తీరాలని కోర్టు స్పష్టం చేసింది.

ఈ తీర్పుల సంగతి ప్రతి ఏడూ చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం, ఇళ్లకు వెళతాం. ఈసారి కార్యదర్శిగారు నాకు వేరే అంశం అప్పగించారు. ప్రభుత్వంతో మనకు తగాదా వచ్చినప్పుడు అది రాజీతో ఎందుకు తెగదు? తెగకపోతే దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? నేను సర్వీసులో ఎక్కువ కాలం లీగల్ సెక్షన్ ఫైళ్లే చూశాను కాబట్టి ఈ విషయం మాట్లాడే కాస్త అర్హత నాకు ఉన్నదనుకుంటున్నాను.

మనం కూర్చున్న ఈ పాతబస్తీకీ కోర్టులకూ విడదీయరాని బంధం. మూసీ ఒడ్డున 1920 నుంచి హైకోర్టు భవనం ఉన్నది. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టులు ఉన్నాయి. మదీనా దగ్గర బస్సు దిగి, చేతిసంచిలో కాగితాలు పెట్టుకొని హైకోర్టు వైపు నడిచే ముసలివాళ్లను మనమంతా చూశాం. మనలో కొందరం ఆ నడక నడిచినవాళ్లమే. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడట" అనే సామెత మనకు ఊరికే రాలేదు.

ఫైలు ఎలా నడుస్తుంది

ముందుగా ఒక ఫైలు కథ చెబుతాను. పేర్లు వద్దు, శాఖ పేరూ వద్దు. ఒక సీనియర్ అసిస్టెంటు రిటైరయ్యాడు. పదేళ్ల కింద ఇచ్చిన ఒక ఇంక్రిమెంటు పొరపాటని ఆడిట్ వారు అభ్యంతరం రాశారు. గ్రాట్యుటీలోంచి రికవరీ చేశారు. ఆ మొత్తం ఇరవై వేల లోపే. అతను ట్రిబ్యునల్‌కు వెళ్లాడు.

ఇక చూడండి. కేసు కాగితాలు రాగానే సెక్షన్‌లో పారావైజు రిమార్కులు తయారు చేయాలి. అవి జిల్లా ఆఫీసు నుంచి డైరెక్టరేటుకు, అక్కడి నుంచి గవర్నమెంటు ప్లీడరు ఆఫీసుకు వెళతాయి. కౌంటరు డ్రాఫ్టు తిరిగి వస్తుంది, దిద్దుబాట్లు జరుగుతాయి, సంతకానికి ఒక అధికారి హైదరాబాదు వస్తాడు. ఆయనకు టి.ఏ., డి.ఏ. వాయిదాకు ఒక గుమస్తా. జిరాక్సులు, టైపింగు, ప్లీడరు ఫీజు. ట్రిబ్యునల్‌లో ఉద్యోగి గెలిచాడు. "అప్పీలుకు తగిన కేసు" అని నోట్ ఫైల్‌లో ఒక వాక్యం పడింది. కేసు హైకోర్టుకు ఎక్కింది. అప్పటికి అతను కన్నుమూశాడు. అతని భార్యను వారసురాలిగా చేర్చారు. చివరికి ఆవిడే గెలిచింది. అప్పటికి ఆ కేసు ఫైలు అతని సర్వీసు రిజిస్టరు కంటే లావయింది. ఇరవై వేల కోసం ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందో ఎవరూ లెక్క వేయలేదు. ఎందుకంటే ఆ ఖర్చు ఒక పద్దు కింద ఉండదు. కొంత ప్లీడరు ఫీజులో, కొంత ప్రయాణ భత్యంలో, ఎక్కువ భాగం ఉద్యోగుల జీతాలలో కలిసిపోతుంది. కనపడని ఖర్చుకు అడిగేవాడు ఉండడు.

ఇలాంటి రికవరీలపై సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రఫీక్ మసీ కేసులో గీత గీసింది. రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైర్ కాబోయేవారి నుంచి, చిన్న ఉద్యోగుల నుంచి, అయిదేళ్లకు పైగా ఇస్తూ వచ్చిన ఎక్కువ జీతం విషయంలో రికవరీ తగదన్నది. మరి ఆ గీత తెలిసిన తరువాత కూడా రికవరీ ఆర్డర్లు వచ్చాయి, కేసులు పడ్డాయి. కారణం అధికారులందరూ దుర్మార్గులు కావడం కాదు. రాజీకి మూడు హద్దులు గీసి పెట్టారు. ఆ మూడింటి గురించి వరుసగా మనవి చేస్తాను.

మొదటి హద్దు: అధికారం

"ఇతని మాట నిజమే, ఇచ్చేద్దాం" అని సంతకం పెట్టే అధికారం కింది స్థాయిలో ఎవరికీ లేదు. ఉన్నచోట ధైర్యం లేదు. అప్పీలు వేసి ఓడిన అధికారిని ఎవరూ ప్రశ్నించరు. అప్పీలు వేయకుండా డబ్బు ఇచ్చిన అధికారికి మాత్రం ఆడిట్ పేరా, ఆపైన విజిలెన్సు విచారణ. అలాంటప్పుడు "కోర్టు ఆర్డరు తెచ్చుకో, ఇస్తాం" అనడమే అతనికి క్షేమం. ఈ మాట మనలో ఎంతమంది విన్నారో చేతులెత్తమంటే హాలంతా లేస్తుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 80వ సెక్షను ఉన్నది. ప్రభుత్వం మీద దావా వేసే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలంటుంది. అది ఎందుకు పెట్టారు? ఆ రెండు నెలలలో ప్రభుత్వం ఆలోచించుకొని, న్యాయమైతే దావా లేకుండానే తేల్చుకోవాలని. 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ నోటీసులకు చాలావరకు జవాబే రావడం లేదని, వచ్చినా తప్పించుకునే జవాబులే వస్తున్నాయని బాధపడింది. జవాబు ఇచ్చే బాధ్యతను ఒక అధికారికి అప్పగించాలని ఆదేశించింది. రాజీ కోసం తెరిచిన తలుపు మామూలు టపా పెట్టెగా మారిపోయింది.

మన రాష్ట్రపు పాత చరిత్రలో ఇంకా విచిత్రం ఉన్నది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1976లో ఆంధ్రప్రదేశ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ వచ్చింది. ఆ అధికరణంలో ఒక నిబంధన ప్రకారం, ట్రిబ్యునల్ ఉద్యోగి పక్షాన తీర్పు ఇస్తే దానిని మార్చే, రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉండేది. అంటే ఓడిన కక్షిదారే తీర్పును కొట్టేయవచ్చు! 1986 డిసెంబరులో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. చట్టం పోయింది గాని, "మాకు ఇష్టమైతేనే తీర్పు" అనే మనస్తత్వం కొన్ని సెక్షన్లలో మిగిలిపోయింది. 2016లో తెలంగాణకు ట్రిబ్యునల్ కూడా లేకుండా పోయి సర్వీసు కేసులన్నీ హైకోర్టుకే చేరాయి.

రెండవ హద్దు: మొత్తం

ఇది కంట్రాక్టుల సంగతి. మనకెందుకు అనుకోకండి, పన్ను మనదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో సాగునీటి, రోడ్ల పనుల కంట్రాక్టులలో మార్పు తెచ్చారు. 50,000 రూపాయలు దాటిన తగాదాలు ఆర్బిట్రేషన్‌కు పోకూడదు, సివిల్ కోర్టుకే పోవాలన్నారు. మధ్యవర్తులు కంట్రాక్టర్లకు ఉదారంగా అవార్డులు ఇస్తున్నారన్న అనుమానం దీని వెనుక ఉన్నది. అనుమానం పూర్తిగా నిరాధారమనను. ఇదే ఆలోచన 2024 జూన్‌లో మళ్లీ వచ్చింది. కేంద్ర ఆర్థిక శాఖ తన మార్గదర్శకాలలో 10 కోట్ల రూపాయల లోపు తగాదాలకే ఆర్బిట్రేషన్ పరిమితం చేయడం మంచిదన్నది. పెద్ద తగాదాలను మధ్యవర్తిత్వంతో తేల్చుకొమ్మని కూడా అదే కాగితంలో చెప్పింది. ఆ రెండో మాటను ఎంతమంది చదివారన్నదే ప్రశ్న.

హద్దు పెట్టినంత మాత్రాన తగాదా ఆగదు, దారి మారుతుంది అంతే. దారి పొడుగైతే వడ్డీ పెరుగుతుంది. దీనికి భూసేకరణ కేసులే మంచి ఉదాహరణ. 1894 భూసేకరణ చట్టం కింద కోర్టు పరిహారం పెంచితే, పెరిగిన మొత్తంపై మొదటి ఏడాది నూటికి 9, ఆ తరువాత ప్రతి ఏడూ నూటికి 15 చొప్పున వడ్డీ. 2013 చట్టంలోనూ అవే రేట్లు. ఒక రైతుకు పది లక్షలు ఎక్కువ రావాలని కోర్టు చెప్పిందనుకుందాం. అప్పీళ్లతో పదేళ్లు గడిచాయనుకుందాం. మొదటి ఏడాది వడ్డీ 90,000. మిగిలిన తొమ్మిదేళ్లకు ఏడాదికి లక్షా యాభై వేల చొప్పున పదమూడున్నర లక్షలు. మొత్తం వడ్డీ 14 లక్షల 40 వేలు. అసలు కంటే వడ్డీ ఎక్కువ! ఏ బ్యాంకూ మన డిపాజిట్‌కు ఇవ్వని వడ్డీ ఇది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఆ గొడ్డలి కొనేది ఖజానా డబ్బుతో.

మాట్లాడి తేల్చుకుంటే పని ఎలా కదులుతుందో మన కళ్ల ముందే ఉన్నది. ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్ల పాతబస్తీ మెట్రో కోసం ఇళ్లు, దుకాణాలు పోతున్నవారికి చదరపు గజానికి 81,000 రూపాయలు నిర్ణయించి, ఒప్పుకున్నవారికి 2025 జనవరి నుంచి చెక్కులు ఇచ్చారు. ఆ రేటు చాలదన్నవారు ఉన్నారు, వారి బాధ వారిది. తాతల నాటి దుకాణం పోయేవాడికి చెక్కు ఓదార్పు కాదు. కాని డబ్బు చేతికి వచ్చిన కుటుంబం పదేళ్లు వాయిదాల చుట్టూ తిరగనక్కర లేదు, ఖజానా ఆ పదేళ్ల వడ్డీ కట్టనక్కర లేదు.

మూడవ హద్దు: మనిషి

ఇది నేరుగా మనకు తగిలేది. జూన్ 30న రిటైరై, జూలై 1న రావలసిన ఇంక్రిమెంటు పోగొట్టుకున్నవారు ఈ హాలులోనే ఉంటారు. ఏడాది పని చేశాడు, ఇంక్రిమెంటు సంపాదించాడు, ఒక్క రోజు తేడాతో లేదన్నారు. 2005లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి అతనికి హక్కు లేదన్నది. 2017లో మద్రాసు హైకోర్టు ఒక విశ్రాంత అధికారికి హక్కు ఉన్నదన్నది. కేంద్రం ఏం చేసింది? ఆ ఒక్కరికి ఇచ్చింది. ఈ తీర్పు ఆయనకు మాత్రమే, మిగిలినవారికి వర్తించదన్నది.

ఒకరికి ఇస్తే ఖర్చు తక్కువ అనుకున్నారు. ఫలితం ఏమయింది? ప్రతి రాష్ట్రంలో, ప్రతి శాఖలో రిటైరైనవారు ఒక్కొక్కరే అదే న్యాయం కోసం వేరువేరుగా కేసులు వేశారు. ప్రతి కేసుకు ఒక కౌంటరు, ఒక ప్లీడరు, ఒక అప్పీలు. చివరికి 2023 ఏప్రిల్ 11న కర్ణాటక విద్యుత్ ట్రాన్స్‌మిషన్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగుల పక్షాన తీర్పు ఇచ్చి, మన ఫుల్ బెంచి అభిప్రాయం సరికాదన్నది. దాని అమలు మీద కూడా మళ్లీ వివాదం నడిచి, 2025 ఫిబ్రవరిలో వివరణ వచ్చింది. కోర్టుకు వెళ్లి గెలిచినవారికి వారి తీర్పు ప్రకారం. వెళ్లనివారికి 2023 మే 1 నుంచి మాత్రమే పెరిగిన పెన్షన్, అంతకు ముందు కాలానికి బకాయి లేదు.

దీని అర్థం ఆలోచించండి. ప్రభుత్వాన్ని నమ్మి ఇంట్లో కూర్చున్నవాడు బకాయి పోగొట్టుకున్నాడు. కోర్టుకెక్కినవాడు దక్కించుకున్నాడు. 2008లో తర్సేమ్ సింగ్ కేసు నుంచీ ఇదే సూత్రం. పెన్షన్ తగ్గింపు నెలనెలా జరిగే అన్యాయమైనా, ఆలస్యంగా వచ్చినవారికి బకాయిలు సాధారణంగా కేసు వేసిన నాటికి వెనుక మూడేళ్లకే. పౌరుణ్ణి కేసు వేయమని పురికొల్పేదీ వ్యవస్థే, కేసులు పెరిగాయని నిట్టూర్చేదీ వ్యవస్థే.

ఎదుటివారి వాదన

రాజీలకు తలుపులు బార్లా తెరవమని నేను అనడం లేదు. అధికారుల భయంలో కొంత న్యాయం ఉన్నది. ముఖ్యంగా మన నగరంలో భూముల సంగతి అందరికీ తెలుసు. సర్కారీ భూమి, వక్ఫ్ భూమి, చెరువు శిఖం మీద దొంగ కాగితాలతో దావా వేసి, లోపలివారితో కుమ్మక్కై రాజీ డిక్రీ తెచ్చుకుంటే జనం ఆస్తి ఒక్క సంతకంతో పోతుంది. అలాంటి చోట హద్దు ఉండవలసిందే. హక్కు ఎవరిదన్నదే వివాదమైనప్పుడు తలుపులు మూసి రాజీ చేయడం తప్పు.

కాని రిటైరైన టీచరు గ్రాట్యుటీకీ, చెరువు భూమికీ ఒకే తాళం వేయడం ఏమి న్యాయం? ఇవ్వవలసినదని శాఖే ఒప్పుకున్న డబ్బులో కుమ్మక్కుకు చోటెక్కడ? హద్దు మొత్తానికి కాదు, రహస్యానికి పెట్టాలి. ఎంతకు రాజీ పడ్డారు, ఎందుకు పడ్డారు, ఎవరు సంతకం పెట్టారు అన్నది కారణాలతో సహా నోటీసు బోర్డు మీద పెట్టమనండి. పది కళ్లు చూస్తున్నప్పుడు దొంగ సంతకం పెట్టడం కష్టం.

కమిటీలు వేస్తే చాలునన్న భ్రమ కూడా వద్దు. 1991 నుంచి కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమలో తాము కోర్టుకెక్కే ముందు ఒక కమిటీ అనుమతి తీసుకోవాలని సుప్రీంకోర్టు ఏర్పాటు చేసింది. ఉద్దేశం మంచిదే. ఇరవై ఏళ్ల తరువాత, 2011 ఫిబ్రవరిలో, మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. కేసులోనే రాజ్యాంగ ధర్మాసనం ఆ ఏర్పాటును ఉపసంహరించింది. తగాదాలు తెగకపోగా ఆలస్యం పెరిగిందన్నది. 2003లో మన రాష్ట్రపు అటవీ శాఖ, రెవెన్యూ శాఖ ఒకే భూమి కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు కూడా, ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలు కోర్టులో కొట్లాడుకోవడమేమిటని కోర్టు మందలించింది. తేల్చే అధికారం లేని కమిటీ ఇంకొక మజిలీ మాత్రమే.

మనం అడగవలసినవి

ఈ సభ తీర్మానంగా ఆమోదించవలసిందిగా అయిదు కోర్కెలు మనవి చేస్తున్నాను.

ఒకటి. ఒక సూత్రంపై తీర్పు అంతిమమైతే, అదే స్థితిలో ఉన్న అందరికీ వర్తించేలా గడువులోగా సాధారణ ఉత్తర్వు ఇవ్వాలి. మళ్లీ ఒక్కొక్కరినీ కోర్టుకు పంపకూడదు.

రెండు. జిల్లా స్థాయిలో విశ్రాంత న్యాయమూర్తి, ఆర్థిక శాఖ ప్రతినిధి ఉండే రాజీ సంఘం కావాలి. దానికి సిఫారసు అధికారం కాదు, తేల్చే అధికారం ఉండాలి.

మూడు. అప్పీలు వేసే ప్రతి ఫైలులో వివాద మొత్తం, నడుస్తున్న వడ్డీ, కాబోయే ఖర్చు మూడు గళ్లలో రాసి తీరాలి. నాలుగో గడిలో సంతకం.

నాలుగు. సదుద్దేశంతో, కారణాలు రాసి రాజీ పడిన అధికారికి రక్షణ ఉండాలి.

అయిదు. నిర్లక్ష్యం వల్ల పడిన వడ్డీకి బాధ్యులెవరో తేల్చాలి. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో, అధికారుల తప్పుకు ప్రజాధనం నుంచి చెల్లించిన పరిహారాన్ని బాధ్యుల నుంచి రాబట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. 2020లో కరోనా సమయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పెన్షన్లలో కొంత ఆపినప్పుడు ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టుకు వెళ్లారు. హైకోర్టు 12 శాతం వడ్డీ వేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో వడ్డీ 6 శాతానికి తగ్గింది గాని, ఇవ్వక తప్పలేదు. ఇక మన రాష్ట్రంలో 2021లో రిటైర్మెంటు వయసు 61కి పెంచడం వల్ల ఆగిన విరమణలు 2024 మార్చి తరువాత మళ్లీ మొదలయ్యాయి. అలా దిగిపోయినవారిలో ఎంతోమంది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కోసం హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. వారి బాకీ ఎవరూ కాదనలేదు. ఒప్పుకున్న బాకీ కోసం కేసేమిటి?

ఇంటికి వెళ్లి చేయవలసినవి

చివరగా ఆచరణకు పనికివచ్చే నాలుగు మాటలు. అర్జీ ఏదైనా రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకోండి. మూడేళ్ల లెక్క మరచిపోకండి, "ఇస్తామన్నారు" అన్న మాట నమ్మి ఊరుకోవద్దు. లోక్ అదాలత్‌లో కేసు వేయకముందే రాజీకి అర్జీ పెట్టుకోవచ్చు. నడుస్తున్న కేసు అక్కడ తెగితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అందుకే సంతకం పెట్టే ముందు పూర్తిగా చదివించుకొని వినండి.

ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. ఒంటరిగా వెళ్లడానికి జంకితే మన సంఘం ఆఫీసుకు రండి. ఎవరో ఒకరం వెంట వస్తాం.

మనం ప్రభుత్వానికి శత్రువులం కాము. ముప్పై, ముప్పై అయిదేళ్లు ఆ ఫైళ్లను మనమే మోశాం. ఖజానా డబ్బు వృథా కాకూడదని ఆడిట్ వారికంటే మనకే ఎక్కువ తెలుసు. అందుకే చెబుతున్నాం. న్యాయమైన బాకీని సకాలంలో ఇవ్వడమే అన్నింటికంటే చవక. ఈ మాట మన కోసమే కాదు, ఇవాళ ఆ కుర్చీలలో కూర్చున్నవారి కోసం కూడా. రేపు వారూ పెన్షనర్లే.

 తీర్మానాన్ని బలపరచవలసిందిగా కోరుతున్నాను.